ఇద్దరే మోస్తున్నారు

చిమిండైంగ్, యాంగోన్.
ఆదివారం, ఆరాధన ముగిశాక.

ప్రియమైన తమ్ముడు కెల్విన్‌కు పెద్దక్క వందనాలు.

ప్రభువు దయవల్ల మేము ఇక్కడ పొద్దున్నే లేస్తున్నాము, ఉన్నది తింటున్నాము, ప్రార్థన చేసుకుని పడుకుంటున్నాము. ఈ రోజుల్లో దాన్నే క్షేమం అనుకోవాలి. ఆ పరాయి దేశంలో, క్లాంగ్‌లో నువ్వు కూడా మిషను దగ్గర చేతులు జాగ్రత్తగా పెట్టుకుంటున్నావని, ఆదివారం చర్చి మానడం లేదని తలుస్తాను.

సరుకుల పని మీద అక్కడికి వచ్చి వెళ్ళిన బంగారురాజు గారు నీ ఉత్తరం తెచ్చి ఇచ్చారు. క్రిస్మస్‌కు వస్తానని రాశావు. ఆగస్టులో అమ్మ పోయినప్పుడు రాలేకపోయావు గనుక, ఇప్పుడైనా వచ్చి సమాధి మీద రాయి నీ చేతులతో వేయిస్తానని, రాతి మీద ఏ మాట చెక్కించాలో నన్ను ఆలోచించమని రాశావు. కెల్విన్, టికెట్టు కొనకముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. కొని ఉంటే అది పోయినా ఫర్వాలేదు. ఫోనులో చెప్పకూడదా అంటావు. లైను దొరికినప్పుడు నీ గొంతు వింటే నాకు మాట రాదు. ఆ సంగతి నీకు తెలుసు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాళ్ళు వానాకాలంలో కంటే నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటాను. కరెంటు వేళకు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అందుకే కుట్టుమిషనుకు మోటారు తీసేయించి మళ్ళీ కాలితో తొక్కుతున్నాను. చర్చిలో పాటలు పాడేవాళ్ళు తగ్గారు. మగపిల్లల గొంతులు లేవు. పాస్టరు గారు ఆ వరసలు మమ్మల్నే అందుకోమంటే, ఆడవాళ్ళం గొంతు దించి పాడుతున్నాం. వింటే నువ్వు నవ్వేవాడివి.

చెల్లి విక్టోరియా ఏటి అవతల తన్లిన్‌లోనే ఉంది. దాని కూతురు ఫెయిత్ ఉద్యోగం గురించి అడిగావు. చౌక్తడాలో పాత కచేరీ మేడలో ఒక మ్యూజియం ఉంది కదా, అక్కడ కుదిరింది. వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని బొమ్మల సంగతి బర్మీస్‌లో చెప్పాలి. వంతెన దాటి రోజూ రావడం కష్టమని నా దగ్గరే ఉంటోంది. బర్మీస్‌లో గలగలా మాట్లాడుతుంది, తెలుగు అడిగితే సగం నోట్లోనే మింగేస్తుంది.

మేడ మీది గంగాభవాని కొడుకు కృష్ణకుమార్ నీకు ఫోను ఎందుకు చేయడం లేదని అడిగావు. ఈ సంగతి నీకు ముందే రాయవలసింది. వేసవిలో చెల్లెలి పెళ్ళికని సింగపూరు నుంచి వచ్చాడు. అందరూ వద్దన్నారు. వేరే అన్నదమ్ములు లేని పిల్ల, నేను లేకపోతే ఎలాగని వచ్చాడు. పెళ్ళి బాగా జరిగింది. తిరిగి వెళ్ళేనాడు విమానాశ్రయం నుంచి వెనక్కి పంపేశారు. మీ వయసు మగవాళ్ళను బయటకు పోనివ్వడం లేదు. కొన్నాళ్ళకు సైన్యం కోసం తీసే చీటీల్లో అతని పేరు వచ్చింది, తీసుకుపోయారు. మొదట్లో ఒకసారి మాట్లాడాడు. వానలు మొదలయ్యాక కబురు లేదు. గంగాభవాని ఫోను ఒక చేత్తో పట్టుకునే కూర కలుపుతుంది. ఉత్తరంలో ఇంతకంటే రాయను. అతనికంటే నువ్వు ఒక ఏడాదే పెద్ద.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను నేరుగా రాయలేకపోతున్నాను గనుక, పోయిన శనివారం జరిగింది ముందు చెబుతాను.

ఫెయిత్ పనిచేసే మ్యూజియంలో ఒకే ఒక్క పటం పెట్టారు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇటలీలో కరవాజ్జో అనే ఆయన వేసిన పటమట. అసలుది రోములోనే ఉంది. ఇది అంత కొలతతోనే గుడ్డ మీద అచ్చువేసి తెచ్చినది. యేసు ప్రభువును సిలువ మీంచి దించి సమాధిలో పెట్టే పటం. మనం పటాలకు మొక్కేవాళ్ళం కాదు, నీకు తెలుసు. నాన్న గోడకు క్యాలెండరు బొమ్మ కూడా ఉంచనిచ్చేవారు కాదు. అయినా ఫెయిత్ తను మాట్లాడేది వినమని బతిమాలింది. గంగాభవాని నాలుగు గోడల మధ్య కూర్చుని పిచ్చిదైపోతోందని ఆవిడనూ తీసుకెళ్ళాను.

ఆ గదికి కిటికీలన్నీ మూసి, పటం మీదే ఒక దీపం పెట్టారు. కరెంటు పోకుండా జనరేటరు కింద మోగుతోంది. గుమ్మం బయట చెప్పుల కుప్ప ఉంది. చెప్పులు విప్పమని ఎవరూ చెప్పలేదు. మొదట వచ్చిన బర్మా ముసలాయన పగోడాలో లాగే విప్పాడట, ఆయన్ను చూసి వెనకవాళ్ళూ విప్పారు. ఎవరో మల్లెదండ తెచ్చి, పటం ముందు అడ్డంగా కట్టిన తాడు అవతల పెట్టారు. ఇది గుడి కాదని, చెప్పులు వేసుకోవచ్చని ఫెయిత్ చెప్పి చెప్పి అలిసిపోయి, చివరికి తనూ విప్పేసింది. నేను విప్పలేదు. గంగాభవాని నా కాళ్ళ వంక చూసి, నా దేవుడి దగ్గర తనకున్నంత మర్యాద నాకు లేదని ఎత్తిపొడిచింది.

పటం ఎలా ఉందో చెప్పాలి. వెనక అంతా చీకటి. ముందు ఒక పెద్ద రాతిపలక, దాని మూల మన మీదికి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. ఇద్దరు మగవాళ్ళు ప్రభువు శరీరాన్ని మోస్తున్నారు. ఒకతను తలవైపు, ఒకతను కాళ్ళవైపు. ప్రభువు చెయ్యి కిందికి వేలాడుతోంది. కాళ్ళు పట్టుకున్నతను పాదాలకు చెప్పులు లేని పనివాడిలాంటి మనిషి, బరువుకు నడుం వంచి మన వంకే చూస్తాడు. వెనక ముగ్గురు ఆడవాళ్ళు. అందులో ఒకామె ముసలిది, తలమీద ముసుగు.

ఫెయిత్ చెబుతున్నది అందరూ వింటున్నారు. గంగాభవాని మాత్రం నా చెవి దగ్గర తన ధోరణిలో తను.

"ఏటి రాణమ్మా, మీ దేవుడికి ఒంటి నిండా గుడ్డ కూడా కప్పనేదేటి?" అంది.

కాసేపటికి ఆ ముసలామె ఎవరని అడిగింది. తల్లి అన్నాను. అప్పటినుంచి ఆవిడ ఇంకెటూ చూడలేదు. జనం వచ్చారు, వెళ్ళారు. ఆవిడ తాడు పట్టుకుని అలాగే నిలబడింది. చాలాసేపటికి, నాతో అంటున్నట్టు కూడా కాదు, మెల్లగా అంది:

"పోయినా సేతికొచ్చేడు. తల్లి ముఖం సూసుకుంది."

నాకు ఆవిడ చెయ్యి పట్టుకోవాలని కూడా తోచలేదు కెల్విన్. ఎందుకంటే నేను అప్పటికి వేరే చోట ఉన్నాను. నేను తలవైపు మనిషిని చూస్తున్నాను. అతని చెయ్యి ప్రభువు వీపు కింద ఉంది. వేళ్ళు పక్కన గాయంలోకి పోయాయి, అతనికి తెలియదు, పట్టు జారకూడదని అంతే. కాళ్ళు పట్టుకున్నవాడు నన్ను చూస్తున్నాడు. రావేం అన్నట్టు చూస్తున్నాడు. నాన్నను పెట్టెలోకి ఎత్తినప్పుడు తల నేనే పట్టాను. మన ఇంట్లో అది పెద్ద సంతానం పని. నువ్వు అప్పుడు చిన్నవాడివి, కాళ్ళ దగ్గర నా గౌను కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడ్డావు.

తాడు ఎప్పుడు దాటానో నాకు తెలియదు. గార్డు కుర్రాడు బర్మీస్‌లో "ఆంటీ, ఆంటీ" అంటూ వచ్చి అడ్డం నిలబడ్డాడు. నా చేతులు రెండూ ముందుకు చాచి, అరచేతులు పైకి పెట్టుకుని ఉన్నానట. మొక్కుతున్నాననుకుని కొందరు పక్కకు తప్పుకున్నారట. ఫెయిత్ చెప్పేది ఆపేసి పరుగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, ఏటి సేస్తన్నావ్? టచ్ చెయ్యకూడదు" అంది.

"ముట్టుకోడానికి కాదమ్మా. ఇద్దరే మోస్తన్నారు" అన్నాను.

ఫెయిత్ నా ముఖం చూసింది. దానికి తెలుసు గనుక ఇంకేమీ అడగలేదు. నన్ను మెట్ల దగ్గరకు తీసుకొచ్చి కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. మామయ్యకు నువ్వు రాస్తావా, నేను ఫోను చెయ్యనా అని మాత్రం అంది.

ఇప్పుడు రాస్తున్నాను. అమ్మకు సమాధి లేదు తమ్ముడూ.

ఊరి బయట స్మశానంలో నాన్న పక్కన చోటు అలాగే ఖాళీగా ఉంది. అమ్మను దహనం చేశాము.

ఆ రోజు నీకు పూర్తిగా చెబుతాను. అమ్మ ఆసుపత్రిలో తెల్లవారుజామున పోయింది. బాధ పడలేదు. నా చెయ్యి పట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరమని చెబుతూ పోయింది, అది నీకు ఫోనులో చెప్పాను. అప్పటికి వారంగా వాన. స్మశానంలో గోతులు తవ్వే మనిషికి ఫోను చేస్తే, నేలంతా నీళ్ళు, ఇప్పుడు పెట్టె దించితే పైకి తేలుతుంది, నీరు దిగేదాకా ఆగండి అన్నాడు. ఆసుపత్రిలో చల్లపెట్టెలు పనిచేయడం లేదు, ఈ పూటే తీసుకెళ్ళిపొమ్మన్నారు. పాస్టరు గారు ఎవరికో ప్రార్థన చేయడానికి తన్లిన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. బస్సులు ఆగిపోయి విక్టోరియా కూడా రాలేకపోయింది. నేను, ఫెయిత్, గంగాభవాని. ముగ్గురం ఆడవాళ్ళం.

శవాలను ఉచితంగా చేరవేసే సాయం సంఘం వాళ్ళ బండి వచ్చింది. మంచి పిల్లలు. వాళ్ళు అమ్మ కార్డు చూశారు. అందులో మతం హిందూ అనే ఉంటుంది కదా. ఏ కాలంలోనో గుమస్తా మన ముఖాలు చూసి రాసేశాడు, మార్పించడానికి తిరిగే ఓపిక మన ఇంట్లో ఎవరికీ లేకపోయింది. దానిమీద మనం ఎన్నిసార్లు నవ్వుకున్నాం. ఆ అబ్బాయి కార్డు చూసి, "హిందూ కదా ఆంటీ, దహనానికే కదా?" అని అడిగాడు.

క్రైస్తవులమని చెబితే ఖననం అంటారు, సంఘం ఉత్తరం అడుగుతారు. ఉత్తరం ఇచ్చే ఆయన ఏటి అవతల ఉన్నారు. గోతిలో నీళ్ళున్నాయి. అమ్మ ఒంటిమీద అప్పటికే ఈగలు వాలుతున్నాయి. ఊఁ అన్నాను.

మా అమ్మ ప్రభువును నమ్ముకున్న మనిషి అని ఒక్క మాట నా నోట రాలేదు. బాప్తిస్మం తీసుకున్న నాటినుంచి ఆమె ఒక్క ఆదివారం మానలేదు, చివరికి ఆమె ఎవరో నేనే చెప్పలేదు. చేతికి తొడుగులు వేసుకున్న కుర్రాళ్ళు ఎత్తి బండిలో పెట్టారు. తల పట్టబోతే, వద్దు ఆంటీ, తడిగా ఉంది, జారిపడతారు అన్నారు. వాళ్ళది మర్యాదే. అమ్మ తల నేను పట్టలేదు.

ఆ సాయంత్రం నీ ఫోను వచ్చింది. "నాన్న పక్కనేనా అక్కా?" అన్నావు. దానికీ ఊఁ అన్నాను. లైను తెగిపోయింది. మళ్ళీ కలిసినప్పుడు నువ్వు ఏడుస్తున్నావు, నాన్న పక్కనే ఉందిలే అని నీకు నువ్వే చెప్పుకుంటున్నావు. దాన్ని నీ చేతిలోంచి ఎలా లాక్కోను?

అబద్ధం ఆడినందుకు దేవుణ్ణి క్షమాపణ అడిగాను, ఇప్పుడు నిన్నూ అడుగుతున్నాను. దహనం గురించి మాత్రం అడగలేదు. పాస్టరు గారు వచ్చాక అంతా చెప్పాను. లేపేవాడికి మట్టయితేనేం, బూడిదయితేనేం అన్నారు. ఆ ఆదివారం అమ్మ పేరున ఆరాధన పెట్టారు. మన ఆడవాళ్ళ సమాజం వాళ్ళు మాత్రం నొచ్చుకున్నారు.

బూడిద మా ఇంట్లోనే ఉంది. ఇక్కడివాళ్ళు చాలామంది దాన్ని తెచ్చుకోరు. మర్నాడు గంగాభవాని నన్ను లేపి, పద, తెచ్చుకోవాలి అని తీసుకెళ్ళింది. మనవాళ్ళకు దీనికొక పద్ధతి లేదు కదా, ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆవిడే కుండ కొంది, ఆవిడే నా చేతుల్లో పెట్టింది. ఏటిలో కలుపుదామంది. నేను ఆగమన్నాను. తెల్లచీరలో చుట్టి బీరువాలో పెట్టాను. అది తెలిసి మన ఇంట్లో జరగవలసిన బుధవారం కూటం వేరే ఇంటికి మార్చారు. కుండ ఉన్న ఇంట్లో మోకాళ్ళు వెయ్యలేమన్నారు. సరే అన్నాను. నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళి మోకరించి వస్తున్నాను.

నీళ్ళు దిగాయి. ఇప్పుడు కుండను నాన్న పక్కన పెట్టించవచ్చు. పాస్టరు గారు కూడా అదే అన్నారు. నీ ఉత్తరం వచ్చినప్పుడు నా ఆలోచన అదే. నువ్వు వచ్చేలోగా గుట్టుగా పెట్టించేస్తే, నువ్వు రాయి వేయిస్తావు, నేనాడిన అబద్ధం నిజమైపోతుంది, ఎవరికీ తెలియదు. గోతులు తవ్వే మనిషికి మాట కూడా ఇచ్చాను. దాన్ని దేవుని దయ అనుకున్నాను.

మ్యూజియం నుంచి వస్తూ బస్సు కోసం నిలబడ్డప్పుడు గంగాభవానికి ఈ సంగతి చెప్పాను. తమ్ముడు వస్తాడా అని ఒక్కటే అడిగింది. క్రిస్మస్‌కు వస్తానని రాశాడన్నాను. రోడ్డు మీద అందరూ చూస్తుండగా ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

"రానీకు రాణమ్మా. సమాధుంటే వస్తాడు. నా కొడుకు పెళ్ళుందని వచ్చేడు."

ఇంతే అంది.

మర్నాడు గోతులు తవ్వే మనిషికి వద్దని కబురు పెట్టాను.

కెల్విన్, నువ్వు రాకూడదు. బతిమాలడం కాదు ఇది, పెద్దక్కగా చెబుతున్నాను. నువ్వు నా మాట ఒక్కోసారి వినవని నాకు తెలుసు. అందుకే మాట మీద వదలడం లేదు. ఈ ఉత్తరంతో పాటు, మళ్ళీ అటు వస్తున్న బంగారురాజు గారు నీకు అమ్మను తెచ్చి ఇస్తారు. అంతా. నా దగ్గర చిటికెడు కూడా ఉంచుకోలేదు. కుండ ప్రయాణంలో పగులుతుందని బిగువుగా మూతపడే స్టీలు డబ్బాలోకి నేనే మార్చాను. చేతులతోనే మార్చాను. ఆయనకు చెప్పే ఇచ్చాను. కావలసిన కాగితాలు ఆయనే చూసుకున్నారు. దారిలో నేల మీద పెట్టను, మా ఆచారం అది అన్నారు. ఆయన ఆచారం ప్రకారమే తెస్తారు, నువ్వేమీ అనకు. భోజనం పెట్టి పంపు.

అక్కడ నువ్వు వెళ్ళే చర్చి పాస్టరు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాలాగా చెయ్యకు. ఆయన చోటు ఇస్తే వాళ్ళ స్మశానంలో పెట్టు. ఇవ్వకపోతే వాదించకు, ఎవరి స్థలమైనా అడిగి, వాన నీరు నిలవని ఎత్తయిన చోట పెట్టు. గొయ్యి మోచేతి లోతు చాలు. నీ గదిలో ఉండే స్నేహితులను పిలుచుకో, ఒక్కడివే వెళ్ళకు. డబ్బాకు తలవైపు, కాళ్ళవైపు అని ఏమీ లేదు, రెండు చేతులతో దించు. అమ్మకు ఇష్టమైన పాట ఒకటి పాడు. గొంతు పూడుకుపోతే మిగతావాళ్ళు పాడతారు. మట్టి ముందు నువ్వు వెయ్యి, తరవాత నా పేరు చెప్పి ఒకసారి, విక్టోరియా పేరు చెప్పి ఒకసారి. రాయి వేయించాలని ఉంటే వేయించు. ఏ మాట చెక్కించాలో నువ్వే ఆలోచించు, నాకు తోచడం లేదు. పేరు మాత్రం తెలుగులో రాయించు. రాసేవాడు దొరక్కపోతే నువ్వు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వు, చూసి చెక్కుతాడు.

విక్టోరియాకు చెప్పాను. ముందు ఏడ్చింది, మనకు ఇక్కడ ఏమీ మిగల్లేదు కదక్కా అంది. తరవాత సరేనంది. నాన్న పక్కన చోటు సంగతి అడిగింది. దాన్ని అలాగే ఉంచమని పాస్టరు గారికి రాసి ఇచ్చాను. నాకు వేళ వచ్చినప్పుడు వాన లేకపోతే నన్ను అక్కడ పెడతారు. అప్పుడు కూడా నువ్వు రాకు. ఈ రోజులు ఇలాగే ఉంటే రాకు.

రోజూ నీకోసం ప్రార్థిస్తున్నాను. కోపం వస్తే రానీ. కొన్నాళ్ళు ఉత్తరం రాయకపోయినా నేను ఏమీ అనుకోను. కానీ పని అయ్యాక, అయిందని ఒక్క ముక్క కబురు పెట్టు. ఆ కబురు అందేదాకా నాకు నిద్ర ఉండదు.

నువ్వు వచ్చి చూడవలసినది ఇక్కడ నేను ఏదీ ఉంచలేదు.

ఇట్లు,
నిన్ను చంకనేసుకుని పెంచిన
నీ పెద్దక్క,
ఎస్తేరు రాణి